మెరుపంతా పొర కిందే!

వంటింట్లో హార్డ్ ఆనోడైజ్డ్ కుక్కర్ ఉంటే ఓసారి చూడండి. ఆ ముదురు బూడిద రంగు పైన పూసిన పెయింటు కాదు. యాసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పంపితే అల్యూమినియం తనంతట తాను తొడుక్కున్న కవచం. అపార్ట్‌మెంట్ల కిటికీలకుండే స్లైడింగ్ ఫ్రేములదీ ఇదే కథ. కుక్కర్‌కి కావాల్సింది గట్టిదనం, కిటికీకి కావాల్సింది మన్నిక. ఈ రెండూ కాకుండా అద్దంలాంటి మెరుపు కావాలంటే? అక్కడ మొదలవుతుంది అసలు తంటా. దాన్ని ఇష్టపడి నెత్తికెత్తుకునేవాళ్లున్నారు అమెరికాలో... పాతకార్లను మళ్లీ కొత్తగా చేసే హాబీరాయుళ్లు.

అక్కడ 1956లో ‘ప్లిమత్ ఫ్యూరీ’ అనే కారొచ్చింది. గుడ్డు పెంకులాంటి తెలుపు, పక్కల పొడవునా బంగారు రంగు పట్టీ. ఆ బంగారం ఆనోడైజ్ చేసి రంగు పట్టించిన అల్యూమినియమే! ఆ ఏడాది తయారైనవి 4,485 కార్లు మాత్రమే. 1983లో వచ్చిన ‘క్రిస్టీన్’ సినిమాలో దెయ్యం పట్టిన ఎర్ర కారు కూడా ఈ కుటుంబానిదే, 1958 మోడల్. ప్లిమత్ బ్రాండే 2001లో కనుమరుగైంది. కాబట్టి పట్టీ పాడైతే షోరూముకెళ్లి ఇంకోటివ్వమనడానికి లేదు. ఉన్నదాన్నే బాగు చేసుకోవాలి, లేదంటే పాత ఇనుప సామాన్ల గుట్టల్లో వెతుక్కోవాలి.

దశాబ్దాలు ఎండకీ వానకీ నిలబడిన పట్టీ మీద బంగారు రంగు వెలిసిపోతుంది. పైన తెల్లటి మసక కమ్ముకుంటుంది. యజమాని మెటల్ పాలిష్ తెచ్చి, పాత బనియన్ గుడ్డతో ఆదివారమంతా రుద్దుతాడు. ఫలితం సున్నా. ఎందుకంటే మసక ఉన్నది లోహం మీద కాదు, లోహాన్ని కప్పిన పొరలో. ఆ పొర అల్యూమినియం ఆక్సైడ్. కెంపు, నీలం రాళ్లలో ఉండేదీ అదే. వడ్రంగి వాడే ఉప్పు కాగితాల్లో చాలావాటి మీద ఉండే గరుకు పొడీ అదే. అలాంటిది బనియన్ గుడ్డకు లొంగుతుందా?

అంబాసిడర్ బంపర్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అది క్రోమ్ పూసిన ఉక్కు. మెరుపు పైనున్న క్రోమ్‌ది, అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. అల్యూమినియం పట్టీకి అంటుకోదు. పైగా ఇక్కడ పొర గాజులాంటిది. మెరిసేది దాని కింది లోహం. కింద గీత ఉంటే గీతే కనిపిస్తుంది, సొట్ట ఉంటే సొట్టే. అందుకే కరెంటు పని గంట, దానికి ముందు పని వారాలు.

మొదట పాత పొరను తీసేయాలి. కాస్టిక్ సోడా నీళ్లు పొరను కరిగిస్తాయి. చిక్కేమిటంటే, పొర అయిపోగానే అవి అసలు లోహాన్ని తినడం మొదలుపెడతాయి. బుడగలు జోరుగా వచ్చాయంటే ఇక పట్టీ అరిగిపోతున్నట్టే. అసలే పల్చటి రేకు! పొర పోయిందో లేదో కంటికి తెలియకపోతే మల్టీమీటర్ ముళ్లు రెండూ ఆనించి చూస్తారు. ఆక్సైడ్ కరెంటును పోనివ్వదు. మీటరు పలికిందంటే లోహం బయటపడ్డట్టు. వెంటనే బయటికి తీసి కడగాలి.

ఇక సొట్టలు. వెనక నుంచి చిన్న సుత్తితో, కొట్టీకొట్టనట్టు లేపాలి. ఆ తర్వాత 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000 దాటి 2000 దాకా నీళ్లతో రుద్దాలి. చివర్లో బఫింగ్ చక్రం. చాలా పట్టీల ఆయుష్షు తీరేది ఇక్కడే. గిర్రున తిరిగే చక్రం పట్టీ అంచును పట్టుకుందంటే నెలల కష్టం రెప్పపాటులో వంకర తిరుగుతుంది. విసిరికొడితే మనిషికీ ప్రమాదమే. అరవై ఏళ్లు బతికిన పట్టీ ఒక్క క్షణం పరధ్యానానికి పోతుంది.

నునుపెక్కాక చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోకూడదు. వేలిముద్ర పడితే అదీ అచ్చవుతుంది!

అప్పుడు తొట్టి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఆనోడైజ్ చేసే పద్ధతి 1927 నాటిది. అంతకు నాలుగేళ్ల ముందే బ్రిటన్‌లో సముద్ర విమానాల భాగాలు ఉప్పునీటికి తట్టుకోవాలని క్రోమిక్ యాసిడ్‌తో చేశారు. ఇంట్లో చేసేవాళ్లు కారు బ్యాటరీ యాసిడ్‌ని దాదాపు అన్నే నీళ్లతో పలుచన చేస్తారు. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోస్తే మరిగి మొహాన చిమ్ముతుంది. పట్టీకి పాజిటివ్, పక్కన వేలాడే సీసపు రేకులకు నెగెటివ్. పట్టీని కట్టే తీగ కూడా అల్యూమినియమో టైటానియమో అయ్యుండాలి. రాగి పనికిరాదు.

లెక్క చూద్దాం. ఆరడుగుల పొడవు, రెండంగుళాల వెడల్పున్న పట్టీకి రెండు వైపులా కలిపి రెండు చదరపు అడుగులు. చదరపు అడుగుకు 6 ఆంపియర్ల చొప్పున 12 ఆంపియర్లు, గంటసేపు. అప్పటికి ఏర్పడే పొర సుమారు 12 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో ఐదారో వంతు. తొట్టి 20, 22 డిగ్రీల దగ్గరే ఉండాలి. వేడెక్కితే పొర గట్టిపడకుండా సున్నంలా రాలుతుంది. అందుకే గడ్డ కట్టించిన నీళ్ల సీసాలు తొట్టిలో తేలేస్తారు.

పొర నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వేడి రంగునీళ్లలో ముంచితే రంగు వాటిలోకి దిగుతుంది. ఆ తర్వాత మరిగే డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట ఉంచితే పొర నీరు పట్టి ఉబ్బి, రంధ్రాలు మూసుకుంటాయి. ఇక దిద్దుబాటు లేదు. కుడిపక్క బంగారం ఒక ఛాయ, ఎడమపక్క ఇంకో ఛాయ వచ్చిందా... మళ్లీ కాస్టిక్ సోడా, మళ్లీ మొదటికి. ఒక్కోసారికీ రేకు ఇంకాస్త పల్చబడుతుంది. అందుకే ముందుగా పనికిరాని ముక్కల మీద రంగు ఎన్ని నిమిషాలకు ఎంత పట్టిందో రాసి పెట్టుకుంటారు. ముక్క కూడా అదే రకం అల్యూమినియం కావాలి, మిశ్రమం మారితే ఛాయ మారుతుంది.

ఇంతా చేసి ఇది ఇంట్లో చేయదగ్గ పనేనా? పిల్లలు తిరిగే ఇంట్లో కానే కాదు. తొట్టి నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ చాలు. సన్నటి యాసిడ్ తుంపర దగ్గరున్న ఇనుప పనిముట్లన్నిటినీ తుప్పు పట్టిస్తుంది. మన దేశంలోనైతే 2013లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత యాసిడ్ చిల్లర అమ్మకాలపై ఆంక్షలొచ్చాయి. ఫ్యాక్టరీల్లో అద్దపు మెరుపు కోసం వాడే ‘బ్రైట్ డిప్’ అనే వేడి ఫాస్ఫారిక్, నైట్రిక్ యాసిడ్ల స్నానం ఊసు ఇంట్లో ఎత్తనే కూడదు. దాన్నుంచి వచ్చే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఓపికతో కూడిన పని ఇంట్లో, యాసిడ్ పని షాపులో చేయించుకోవడం మేలు. కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి. కిటికీ ఫ్రేములు చేసే షాపుల్లో మామూలుగా సామాను రాగానే కాస్టిక్ సోడాలో ముంచుతారు. ఫ్రేముకి ఆ మసక నునుపే అందం. పట్టీనీ అలాగే ముంచితే వారాల తరబడి తెచ్చిన అద్దపు మెరుపు కాసేపట్లో పోతుంది. కాబట్టి గ్రీజు మాత్రం కడిగి, నేరుగా యాసిడ్ తొట్టిలోకి దించమని రసీదు మీద రాయించుకోవాలి.