తాతలు సరే, తాతమ్మల మాటేమిటి?

పెళ్లి సంబంధం అనగానే ముందు అడిగేవి ఇంటిపేరు, గోత్రం. రెండూ తండ్రి వైపువే. ఇప్పుడు వాటికి తోడు మరొకటి వచ్చింది. మగవారి ఉమ్మి కాస్త పరీక్షకు పంపితే, అందులోని వై క్రోమోజోమును చూసి 'మీది ఫలానా సమూహం' అని చెబుతారు. అది పట్టుకుని 'మా మూలపురుషులు ఫలానా చోటి నుంచి వచ్చారట' అని మురిసిపోయేవారున్నారు.

శాస్త్రం నిజమే. వై తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా వస్తుంది. ఎప్పుడో ఒక చిన్న మార్పు జరిగితే అది ఆ సంతతి మగవాళ్లందరిలో గుర్తుగా నిలిచిపోతుంది. ఆ గుర్తులను బట్టే సమూహాలకు ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు పెట్టారు.

అయితే ఒక లెక్క చూడండి. పది తరాలు వెనక్కి వెళితే లెక్క ప్రకారం 1,024 మంది పూర్వీకులుంటారు. వై చెప్పేది అందులో ఒక్కరి సంగతే! నాన్నను కన్న నానమ్మ, అమ్మను పెంచిన తాతయ్య కూడా అందులో లేరు. ఆ ఒక్కరినే వంశమంతా అనుకుంటే ఎలా?

కులగర్వానికీ ఇది ఆధారం కాదు. ఆర్1ఎ అనే సమూహం 'పై' కులాలదని చెప్పుకునేవారున్నారు. అది మన చెంచుల్లోనూ ఉందని 2003లో అచ్చయిన పరిశోధనే చూపింది.

తల్లి వైపుకూ గుర్తుంది. మైటోకాండ్రియా డిఎన్ఎ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది. కూతుళ్ల ద్వారానే ముందు తరాలకు సాగుతుంది. ఆ పరీక్ష ఆడవాళ్లూ చేయించుకోవచ్చు. తండ్రి వైపు తెలియాలంటే మాత్రం నాన్నో, అన్నదమ్ములో, బాబాయో ఉమ్మి ఇవ్వాలి, మనకు వై లేదు కదా!

వై లేని మనల్నే 'కొడుకుని కనలేదు' అని సాధించడం ఎంత అన్యాయం! బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోముతోనే. 1905లో పురుగుల్లో ఈ రహస్యం పట్టుకున్నది నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా మహిళే. నూరేళ్లు దాటినా కొన్ని ఇళ్లలో అత్తగార్లకు ఆ మాట చేరలేదు.

పరీక్షలు వద్దని కాదు. ముందు ఇంట్లో వంశవృక్షం తీసి చూడండి. అందులో ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయి? మీ తాతమ్మ పేరేమిటి, ఆమె పుట్టిల్లు ఏ ఊరు? ఆ సంగతి ఏ పరీక్షా చెప్పదు. అమ్మమ్మో నానమ్మో ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.