నడిమి ఆటగాండ్రను గూర్చి

మన పాఠశాల ఫుట్‌బాలు జట్టును గూర్చి యీ యేడు దువ్వూరులో జరిగినన్ని వాదములు పరీక్షాఫలితములను గూర్చి యైనను జరుగలేదనిన నతిశయోక్తి కాదు. టీ అంగళ్ల యెదుటను, బస్సుకొరకు వేచియుండు చోటులందును, పసుపు ఆరబోసిన కళ్లములలోను గూడ నిదియే ప్రసంగము. ఊరిలో నింతమందికి ఫుట్‌బాలు తెలియునని నాకిదివరలో తెలియదు. అందులకు సంతోషమే. అయితే యీ వాదములన్నియు తుదకు తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలునిమీదికి వచ్చి పడుచున్నవి గనుక, నా యభిప్రాయమును గూడ వ్రాతమూలముగా తెలుపుట మేలని తోచినది.

ఆ బాలుడు బక్కపలుచనివాడు. మైదానము నడుమ, కుడివైపున నాడును. సంవత్సరమంతయు నొక్క గోలైనను వేయలేదు. కావున వానిని తొలగించి, పదవ తరగతిలోని పొడుగరియగు మరియొకనిని ఆ స్థానమున నిలుపవలెనని యొక పక్షము వారనుచున్నారు. ఆ పొడుగరి తన్నిన బంతి యీ కొననుండి యా కొనకు పోవును. అది చూచుటకు ముచ్చటగానే యుండును. రెండవ పక్షమువారు మరియొక తీరున చెప్పుచున్నారు: ఓటమి తప్పించుకొనవలెనన్న వెనుక నలుగురు చాలరు, ఆర్గురను నిలుపుడని. చూడగా నీ రెండు పక్షములకును వైరమున్నట్లే కనబడును గాని, నడిమి స్థలమును బీడుగా విడుచుటలో నిరువురును నేకాభిప్రాయులే.

సుంకేసుల కడ తుంగభద్రను విడిచి బయలుదేరిన కె.సి. కాలువ నీరు మన పొలమునకు చేరులోపల నెన్ని తూములు దాటవలెనో రైతుబిడ్డలకు నేను చెప్పనక్కరలేదు. ఎగువ నీరు నిండుగా పారుచున్నను, నడుమ నొక మడవ తెగినచో దిగువ మడి యెండును. మడవ కాచువాడు కోతనాడు కొడవలి పట్టకపోవచ్చును. వాడు నిద్రించిన రాత్రి సంగతి మాత్రము కోతనాడు తప్పక తెలియును. వెనుకనున్న వారు ప్రత్యర్థులను ఆపి గెలుచుకొన్న బంతిని ముందున్న వారికి చేర్చువాడు నడిమివాడు. ఎంత గట్టిగా తన్నినను గాలిలో పోయిన బంతి యెవరి పాలగునో చెప్పలేము. కాలినుండి కాలికి చేరిన బంతియే మనది.

ఇది నా సొంత కల్పన కాదు. 1925లో ఆఫ్‌సైడు నియమము మారిన పిమ్మట ఇంగ్లండు జట్లు నడిమి హాఫ్‌బ్యాకును వెనుకకు దింపి, ముగ్గురు బ్యాకులు, ఇద్దరు హాఫ్‌బ్యాకులు, ఇద్దరు లోపలి ఫార్వర్డులు, వారి ముందు మరి ముగ్గురు అను క్రమమును పట్టినవి. అందులో నడుమనున్న నలుగురే జట్టునకు నాలుగు స్తంభములు. 1953 నవంబరులో వెంబ్లీ మైదానమున హంగరీ వారు ఇంగ్లండును 6–3 గోలులతో నోడించినప్పుడు, వారి సెంటర్ ఫార్వర్డు హిదెగ్‌కూటి ముందు నిలువక నడుమకు దిగి యాడెను. వానిని వెంబడింపవలెనా, విడువవలెనా యని తెలియక ఇంగ్లండు బ్యాకులు తికమకపడిరి. హంగరీవారు నడుమ నొకనిని అధికము చేసికొనిరి, అంతే చమత్కారము.

అంత దూరము పోనేల? మన తెలుగునేలమీదనే సయ్యద్ అబ్దుల్ రహీం గారుండిరి. ఆయన హైదరాబాదులోని కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు పాఠశాలలలో నుపాధ్యాయుడుగా పనిచేసినవాడు. ఈ మాట మన యుపాధ్యాయవర్గము ప్రత్యేకముగా గమనింపవలెను. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా నైదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు నాలుగవ స్థానము పొందినది. ఆయన పిల్లలకొరకు ఏర్పరచిన పోటీలు రెండు విచిత్రమైనవి కలవు. ఒకదానిలో బంతిని కాలితో నడిపించుకొని పోరాదు. అందిన వెంటనే తోడివానికి పంపవలెను. రెండవదానిలో బలహీనపు కాలితోనే యాడవలెను. గట్టిగా తన్నువాడే ఘనుడని యాయన తలచియుండినచో నిట్టి పోటీలు పెట్టియుండడు గదా!

ఇక్కడ నా ప్రతిపక్షులు 1962 నాటి జకార్తాను నాకు జ్ఞాపకము చేయుచున్నారు. ఆ యేటి ఆసియా క్రీడలలో రహీం గారు బ్యాకుగా నాడు జర్నైల్ సింగును ముందువరుసకు పంపి స్వర్ణపతకము గెలిచెను. కావున మనమును పొడుగరిని ముందునకు త్రోయవలెనని వారి వాదము. సంగతి నిజమే. తీసిన సారమే వేరు. జర్నైల్ సింగునకు థాయిలాండుతో నాడునప్పుడు తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. అట్టివానిని బంతికై తలలు ఢీకొను వెనుకస్థానమున నుంచుట ప్రమాదమని తలచి, గురువు వానిని ముందుకు పంపెను. పంపుటకు ముందే వెనుక అరుణ్ ఘోష్, చంద్రశేఖర్ మొదలగువారు చాలుదురని నిశ్చయించుకొనెను. నడుమ ఫ్రాంకో యుండెను. లోపలి ఫార్వర్డులుగా చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం గార్లుండిరి. జర్నైల్ సింగు సెమీఫైనలులో దక్షిణ వియత్నాముమీద నొక గోలును, ఫైనలులో దక్షిణ కొరియామీద నొక గోలును వేసెను. ఫైనలు 2–1గా ముగిసెను. ఒక స్తంభమును కదల్చునప్పుడు పైకప్పును దేనిమీద నిలుపవలెనో ముందు చూచుకొన్నవాని పని యది. మనవారు చెప్పుచున్నదో, స్తంభమును పెరికి పిమ్మట పైకప్పు సంగతి చూతమని!

ఈ తరము పిల్లలకు దగ్గరి యుదాహరణమొకటి కలదు. 2019లో నేర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. జట్టు (అది 2025లో ఢిల్లీకి తరలిపోయినది) 2022 మార్చిలో గోవాలోని ఫతోర్డా మైదానమున ఇండియన్ సూపర్ లీగు గెలిచినది. ఆ సంవత్సరము గోలులకెల్ల నొగ్‌బెచే పేరు మ్రోగినది; మ్రోగవలసినదే. అయినను ఫైనలులో నొక గోలు వెనుకబడియుండగా, 88వ నిమిషమున సమము చేసినది బదులుగా మైదానములోనికి వచ్చిన సాహిల్ తవోరా యను నడిమి యాటగాడు. పిదప పెనాల్టీలలో గోలుకీపరు కట్టిమణి మూడింటిని ఆపెను. ఏడాది పొడుగునను నడుమ నిలిచి కాచిన నాయకుడు జొవాఁవ్ విక్టర్‌ను గూర్చి మన బాలురలో నెందరు మాటాడుకొందురు?

ఇక మన జట్టు సంగతి. ఈ యేడు మనవారోడిన పందెములను శ్రద్ధగా చూచినవారికి తెలిసియే యుండును: గోలులు పడినది కుడివైపునుండి కాదు. ఎడమవైపు నడిమివాడు చురుకైన వాడే గాని, బంతి యెటు పోయిన నటు పరుగెత్తును. వాడు ముందుకు పోయినప్పుడు వాని వెనుక నొక పొలమంత జాగా తెరచియుండును. ఆ జాగాలోనికి పరుగెత్తి పోయి యడ్డుకొనుచున్నది మనము తొలగింపదలచిన యీ బక్కవాడే. ఒకని పని తానును, తన పని తానును చేసి, పందెము కడపట నలసి యొక బంతి జారవిడుచును. అప్పుడు గట్టుమీద నిలిచిన పెద్దలు కేకలు వేయుదురు! కాడికి కట్టిన జతలో నొక యెద్దు పరుగెత్తునదైనచో రెండవది నిదానముగలది కావలెను. రెండును పరుగెత్తునవే యైన సాలు వంకరపోవును; రెండును నిలుచునవే యైన సేద్యమే సాగదు. కాబట్టి నా మతమున బక్కవానిని అచ్చటనే యుంచి, ఎడమవైపు చురుకువానిని లోపలి ఫార్వర్డుగా ముందుకు జరిపి, వాని స్థానమున పొడుగరిని నిలిపి, రెండు నెలలపాటు చిన్న దూరములకు బంతి పంపుట నేర్పవలెను. నేర్చునా యని యడుగుదురేమో. వాడు తెలివిగలవాడు, ఇంతవరకు వానిని తన్నుటకు మాత్రమే మనము వాడుకొన్నాము.

తలిదండ్రులకొక మనవి. జట్టు నెన్నుకొనుటకు ముందునాటి సాయంకాలము వ్యాయామోపాధ్యాయుని యింటికి పెద్దమనుష్యులు కొందరు పోవుచున్నారని వినుచున్నాను. ఎవరి కుమారుడు, ఏ వీధివాడు, ఏ కులమువాడు అను ప్రశ్నలు మైదానపు గీతకు వెలుపలనే నిలువవలెను. ఉపాధ్యాయుడు తప్పు చేసిన పందెము ముగిసిన పిమ్మట నడుగవచ్చును, అడుగుటయు న్యాయమే. అయితే అడిగినప్పుడు కారణము చెప్పగల స్వాతంత్ర్యము ఆయనకు ముందే యుండవలెను గదా. పందెమునకు రెండు దినములు ముందుగా పదునొకండుగురి పేర్లను, వారి స్థానములను నోటీసుబోర్డుమీద వ్రాయించినచో సగము గుసగుసలు తగ్గును.

ఆ బాలుని తొలగింపవలెనని కోరువారొక పని చేయుడు. రాబోవు పందెములో బంతిని చూడక, మొదటి పది నిమిషములు వానిని మాత్రమే చూడుడు. ఎన్ని పర్యాయములు బంతి నందుకొనెను, ఎన్ని పర్యాయములు తోడివానికే చేర్చెను, ఎడమవైపు జాగా కాచుటకై యెన్ని పర్యాయములు పరుగెత్తెను అని కాగితముమీద గీతలు పెట్టుకొనుడు. ఆ కాగితమును తెచ్చి వ్యాయామోపాధ్యాయుని ముందుంచుడు. అప్పటికిని వానిని తీసివేయవలెనని మీకు తోచినచో, ఆ వాదమును వినుటకు నేనును వచ్చి కూర్చుందును.