పెరడు మీదే, మరి గుండు?

"నా పెరడు, నా తుపాకి, నా కూతురి పెళ్ళి, నడుమ నీకేమి?" అని ఆమధ్య ఒక పెద్దమనిషి నన్ను గద్దించారు. లైసెన్సు చూపించి మరీను!

అయ్యా, పెరడు మీదే. ప్రహరీ దాటిన గుండు ఎవరిది? ఆకాశంలోకి పేల్చినది అక్కడే ఉండిపోదు, ఎవరి మేడమీదనో దిగుతుంది. 2019లో సవరించిన ఆయుధ చట్టం 25వ సెక్షను ఈ వేడుక కాల్పులను పేరుపెట్టి మరీ నేరమన్నది. ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూను. గుండు ఎవరికీ తగలనక్కరలేదు, ముప్పు చాలు. పెళ్ళిళ్ళను ప్రత్యేకించి పేర్కొన్న ఆ సెక్షనులో సొంత స్థలమునకు మినహాయింపు లేదు.

ఆత్మరక్షణకని అర్జీ పెట్టి తెచ్చుకున్న లైసెన్సు కదా అది. పందిట్లో మీపైకి దూకిన శత్రువెవరండీ, వియ్యంకుడా?