దేహభేదం – సమదృష్టి

స్త్రీపురుషుల దేహాలు ఒక్క తీరుగా ఉండవు. ఇది ప్రకృతి సత్యం. దీనిని కాదనడం అజ్ఞానం. అయితే ఈ భేదాన్ని చూపి ఒకరు అధికులని, మరొకరు అల్పులని తీర్పు చెప్పడం అంతకన్నా పెద్ద అజ్ఞానం. దేహభేదాన్ని మనం ఎందుకు తెలుసుకోవాలి? ఏ దేహానికి ఏది అవసరమో గ్రహించి, దానిని సమకూర్చడానికి. దురదృష్టవశాత్తు మన సమాజం ఈ భేదాన్ని గుర్తుంచుకోవలసిన చోట మరిచిపోయింది. మరిచిపోవలసిన చోట గుర్తుంచుకుంది. హైదరాబాదు పాతబస్తీ గతాన్ని, వర్తమానాన్ని పరిశీలిస్తే ఈ మాట స్పష్టమవుతుంది.

ముందు శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం. మానవ కణంలో ఇరవై మూడు జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో ఇరవై రెండు జతలు స్త్రీపురుషులిద్దరిలోను ఒకే విధమైనవి. చివరి జత సాధారణంగా స్త్రీలో ఎక్స్ ఎక్స్‌గా, పురుషునిలో ఎక్స్ వైగా ఉంటుంది. యౌవనారంభంలో హార్మోన్ల ప్రభావం వల్ల పురుషునిలో కండరాలు, ఎముకలు దృఢపడతాయి. స్త్రీలో కటి భాగపు ఎముకలు ప్రసవానికి అనువుగా విశాలమవుతాయి. సగటున పురుషుడు పొడగరి, బరువులెత్తడంలో బలశాలి. సగటున స్త్రీ దీర్ఘాయుష్మంతురాలు. పురుషునికి ఎక్స్ క్రోమోజోము ఒక్కటే ఉండడం వల్ల వర్ణాంధత్వం, హీమోఫిలియా వంటి లోపాలు అతనిలోనే ఎక్కువగా కనిపిస్తాయి. మరి ఇద్దరిలో బలవంతులెవరు? ఈ ప్రశ్నకు ఒక్క సమాధానం లేదు. పైగా ఇవన్నీ సగటులు మాత్రమే. సగటు పురుషునికన్నా పొడవైన స్త్రీలు, సగటు స్త్రీకన్నా బలహీనులైన పురుషులు మన కళ్లెదుటే ఉన్నారు. సగటును చూపి వ్యక్తిని అంచనా వేయడం న్యాయం కాదు.

అయినా శతాబ్దాల పాటు జరిగింది అదే. చార్మినార్ చెంతనున్న నిజామియా ఆసుపత్రిలో నేటికీ ఆచరణలో ఉన్న యూనానీ వైద్యానికి మూలభూమి గ్రీసు. ఆ ప్రాచీన వైద్య సంప్రదాయానికి చెందిన గాలెన్, స్త్రీ దేహంలో ఉష్ణం తక్కువ కనుక అది పురుష దేహమంత సంపూర్ణం కాదని భావించాడు. ఆధునిక యుగంలోనూ ఈ ధోరణి పోలేదు. అమెరికాలోని బోస్టను నగరానికి చెందిన వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్, ఉన్నత విద్య ఆడపిల్లల ఆరోగ్యాన్ని, ప్రత్యుత్పత్తి శక్తిని దెబ్బతీస్తుందని 1873లో ఒక గ్రంథమే ప్రకటించాడు.

ఇటువంటి వాదాలకు మన నగరమే సమాధానం చెప్పింది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మాతృసంస్థ అయిన హైదరాబాదు వైద్య పాఠశాలలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ యువతి చదివి, 1889లో పట్టా పొందింది. ఆ రోజులలోనే, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయంతో, క్లోరోఫారం మీద ఇక్కడ విస్తృత పరిశోధనలు జరిగాయి. క్లోరోఫారం ఇవ్వడం సులభమైన పని కాదు. మోతాదు కొంచెం మించితే ప్రాణానికే ముప్పు. రోగి శ్వాసను రెప్పవాల్చకుండా గమనిస్తూ, నిబ్బరంగా మందు ఇవ్వాలి. ఆ బాధ్యతను రూపాబాయి దశాబ్దాల పాటు సమర్థంగా నిర్వహించింది. 1909లో ఎడింబరో వెళ్లి మరింత చదువుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను పేర్కొంటారు. విద్యకు, మేధకు, నిబ్బరానికి దేహభేదం అడ్డు రాలేదు. భేదాన్ని మరిచిపోవలసిన చోటు ఇది.

ఇక గుర్తుంచుకోవలసిన చోట ఏం జరుగుతున్నది? నెలసరి, గర్భధారణ, ప్రసవం కారణంగా స్త్రీ దేహం ఇనుమును అధికంగా కోల్పోతుంది. భారత వైద్య పరిశోధన మండలి, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, శ్రమ తక్కువగా చేసే పురుషునికి రోజుకు 2,110 కిలోకాలరీల శక్తి కావాలి. స్త్రీకి 1,660 చాలు. కాని ఇనుము పురుషునికి 19 మిల్లీగ్రాములైతే, స్త్రీకి 29 మిల్లీగ్రాములు అవసరం. అంటే తక్కువ తినే దేహానికే ఎక్కువ ఇనుము కావాలి! మరి మన ఇళ్లలో చివరగా భోజనం చేసేదెవరు? అందరూ తిన్న తరువాత గిన్నెలో మిగిలినదానితో సరిపెట్టుకునేదెవరు?

దీని ఫలితం అంకెలలో కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది ప్రకృతి చేసిన భేదమని కొందరు సరిపెట్టుకోవచ్చు. కాని డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ పురుషునికి 13 గ్రాములకు, గర్భవతి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గితేనే రక్తహీనత అంటారు. శాస్త్రం ఆ భేదాన్ని ముందే మన్నించింది. అయినా ఇంత అంతరం ఉన్నదంటే, స్త్రీ దేహానికి కావలసిన అదనపు పోషణను మనం అందించడం లేదన్నమాట. ఆ లోపం ప్రకృతిది కాదు, మనది.

మరొక విషయం. స్త్రీలలో మూత్రమార్గం సుమారు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. పురుషులలో అది దాదాపు ఇరవై. అందువల్ల స్త్రీలకు మూత్ర సంబంధమైన వ్యాధులు సులభంగా సోకుతాయి. బజారులో అందుబాటులో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే, రోజంతా పనిచేసే స్త్రీలు నీళ్లు తాగడమే మానుకుంటారు. పత్తర్‌గట్టీ అయినా, మదీనా కూడలి అయినా, స్త్రీలకు మరుగుదొడ్డి సౌకర్యం కాదు, ఆరోగ్య రక్షణ.

వైద్యశాస్త్రం సైతం పురుష దేహాన్నే కొలమానంగా చేసుకుని పొరపడింది. గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీ నొప్పితో పాటు ఆయాసం, వికారం, విపరీతమైన అలసట స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని మామూలు నీరసమని కొట్టిపారేస్తే ప్రాణాపాయం. జోల్పిడెం అనే నిద్రమందు స్త్రీల రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుందని గుర్తించి, వారి మోతాదును సగానికి తగ్గించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది 2013లో. అప్పటికి ఆ మందు అక్కడి విపణిలోకి వచ్చి ఇరవై ఏళ్లయింది.

లాడ్‌బజారులో గాజులమ్మే వ్యాపారి చేతిని చూసి కొలత చెబుతాడు. ఒక చేతికి చిన్న గాజు, మరొక చేతికి పెద్ద గాజు ఇస్తాడు. చిన్న చేయి తక్కువదని అతడు ఎన్నడూ అనడు. నప్పే గాజు ఇవ్వడమే అతని పని. దేహభేదాన్ని తెలుసుకోవడంలోని ప్రయోజనమూ అంతే. చదువులో, ఉద్యోగంలో, నిర్ణయాధికారంలో ఈ భేదానికి తావివ్వరాదు. ఆహారంలో, వైద్యంలో, వసతులలో దానిని విస్మరించరాదు. ఈ వివేకం పెద్ద సభలలో కాదు, ముందుగా మన ఇంటి భోజనాల దగ్గర కనబడాలి. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని, ఎవరికి ఏది అవసరమో దానిని వడ్డించుకున్న నాడే సమానత్వం అనే మాటకు అర్థం ఏర్పడుతుంది.