విడాకుల తర్వాత కూడా మాజీ భర్త కాపలాయేనా?

భరణం మీద చర్చ ఎప్పుడు మొదలైనా మగవాడి జేబు దగ్గరే మొదలవుతుంది. ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లు ఇవ్వాలి, చదువుకున్న ఆడదానికి భరణం ఎందుకు, చట్టాన్ని అడ్డం పెట్టుకుని మగవాళ్లను పీడిస్తున్నారు కదా అంటూ టీవీ స్టూడియోల్లో గొంతులు చించుకుంటారు. చర్చ ముగిసేటప్పటికీ ఆ జేబు దగ్గరే ఉంటారు. విడాకులు తీసుకుని, ఒంటిచేత్తో పిల్లల్ని పెంచి, వాళ్లు చదువులకో ఉద్యోగాలకో ఇల్లు దాటి వెళ్లిపోయాక మిగిలిన మనిషి ఏం కోరుకుంటోంది, ఆ కోరికకు చట్టం ఆమెచేత ఎంత మూల్యం చెల్లిస్తోంది అని అడిగినవాళ్లను నేను చూడలేదు. నా మాట ముందే చెప్పేస్తాను. హిందూ వివాహ చట్టం 25(3) సెక్షన్‌లో, విడాకులు పొందిన స్త్రీ శీలం మీద పెట్టిన షరతును పూర్తిగా తొలగించాలి. మెత్తబరిస్తే చాలదు.

ఈ చర్చల్లో ఎవరూ పట్టించుకోని అంకె ఒకటి 2011 జనాభా లెక్కల్లో ఉంది. విడాకులు పొంది, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నవాళ్లు అప్పటికి దేశంలో దాదాపు 13.6 లక్షల మంది. అందులో ఆడవాళ్లు 9 లక్షల పైచిలుకు. మగవాళ్లు 4.5 లక్షలు. ఒక పెళ్లి విడిపోతే ఒక మగ, ఒక ఆడ మిగలాలి. మరి లెక్కలో ఇద్దరు ఆడవాళ్లకు ఒక్క మగవాడే ఎందుకు కనిపిస్తున్నాడు? మిగతా మగవాళ్లు చాలావరకు మళ్లీ పెళ్లి చేసుకుని 'వివాహితులు' అన్న వరుసలోకి వెళ్లిపోయారు కాబట్టి. విడాకుల దాకా పోకుండా విడిగా ఉంటున్నవాళ్లలోనూ ఇదే తీరు. దాదాపు 35 లక్షల మందిలో మూడింట రెండు వంతులు ఆడవాళ్లే. మగవాళ్ల ఆయుర్దాయం తక్కువ కదా అని కొందరంటారు. ఆయుర్దాయంలో ఉన్న ఆ రెండు మూడేళ్ల తేడా సంఖ్యను రెట్టింపు చేయలేదు. ఇద్దరికి ఒక్కడు. దేశంలో భరణం గురించి మాట్లాడే ప్రతి మనిషీ మొదట ఈ అంకెకు జవాబు చెప్పాలి.

దానికి కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. విడిపోయినప్పుడు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉంటారు. తండ్రి 35 ఏళ్లకే ఒంటరి మనిషిగా మళ్లీ సంబంధాల మార్కెట్లోకి వస్తాడు. అప్పీలు గడువు ముగిస్తే చాలు, మర్నాడే పెళ్లి చేసుకోవచ్చు. ఆదివారం పెళ్లి సంబంధాల పేజీలో రెండో పెళ్లి ప్రకటనలు చదవండి. మగవాడికి ఎంత వయసున్నా 'బాధ్యతలు లేని' స్త్రీ కావాలని రాయిస్తాడు. అక్కడ బాధ్యతలంటే పిల్లలు. అంటే అతని పిల్లల్ని మోస్తున్న అతని మాజీ భార్య లాంటి ఆడమనిషి తప్ప ఎవరైనా ఫరవాలేదన్నమాట. ఆ బాధ్యతలు తీరి ఆమె తన గురించి ఆలోచించుకునే వేళకు 50 దాటుతుంది. ఆ 4.5 లక్షల తేడా ఇలా పుట్టింది. పిల్లల పెంపకంలో ఆమె కరిగించుకున్న ఏళ్లే అందులో అంకెగా కనిపిస్తున్నాయి.

సరిగ్గా ఆ వయసులోనే 25(3) ఆమె మీద పడుతుంది. భరణం పొందుతున్న భార్య మళ్లీ పెళ్లి చేసుకున్నా, శీలవతిగా ఉండకపోయినా, అవతలి పక్షం అర్జీ పెట్టుకుంటే కోర్టు ఆ ఉత్తర్వును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు అంటుంది ఆ సెక్షన్. 1955లో రాసినప్పుడు రద్దు చేసి తీరాలని ఉండేది. 1976 సవరణతో అది న్యాయమూర్తి విచక్షణకు వదిలిన విషయం అయింది. షరతు మాత్రం అలాగే మిగిలింది. అర్జీ పెట్టే హక్కు ఎవరిదో గమనించండి. ఆమెతో ఏ సంబంధమూ లేదని కోర్టులో రాసిచ్చిన మనిషిది. పెళ్లి రద్దయింది, కాపురం రద్దయింది, ఇంటిపేరు కూడా మార్చుకుని ఉండవచ్చు. ఆమె ఒంటి మీద అతని అజమాయిషీ మాత్రం రద్దు కాలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొడుక్కి ఇవ్వాల్సిన పోషణ ఖర్చు సాధారణంగా అతను మేజరయ్యేదాకానే. కూతురి విషయంలో, ఆమె తన కాళ్ల మీద నిలబడకపోతే, పెళ్లయ్యేదాకా. పిల్లలు వెళ్లిపోగానే వాళ్ల పేరిట వచ్చేది ఆగిపోతుంది. ఇక తల్లికి మిగిలేది తన పేరిట వచ్చే భరణం ఒక్కటే. షరతు ఉన్నది సరిగ్గా దాని మీదే. పరస్పర అంగీకారంతో విడిపోయి, ఒకేసారి పెద్ద మొత్తం తీసుకున్న డబ్బున్నవాళ్లకు ఈ బాధ దాదాపు లేదు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, నెలనెలా కొద్దిపాటి మొత్తం తెచ్చుకుంటున్న మధ్యతరగతి ఆడవాళ్లే దీనికి చిక్కుతారు.

విజయవాడలో నాకు బాగా తెలిసిన ఒకావిడ ఉన్నారు. ప్రైవేటు స్కూల్లో టీచరు. అమ్మాయి చంకలో ఉండగా విడిపోయారు. ఆ పిల్ల ఇప్పుడు టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తోంది. పిల్ల వెళ్లిన వారం రైతుబజారుకు వెళ్తే ఏం కొనాలో తోచలేదట ఆవిడకు. పిల్లకు బెండకాయ ఇష్టమని అన్నేళ్లూ బెండకాయలే కొన్నారు. తనకు ఏ కూర ఇష్టమో ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు. ఆ తర్వాత మెల్లగా మారారు. స్కూటీ నేర్చుకున్నారు. సంగీతం క్లాసులో చేరారు. అక్కడే ఒకాయన పరిచయమయ్యారు. భార్య పోయిన మనిషి, రిటైరయ్యారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. ఆయన పక్కన కూర్చుంటే ఒంటికి ప్రాణం లేచొచ్చినట్టుంటుందని నాతో చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కళ్లు దించుకోలేదు.

కానీ ఆయన ఆవిడ ఫ్లాటుకు వచ్చేటప్పుడు చేతిలో ఇన్సూరెన్స్ కాగితాల ఫైలు ఉంటుంది. వాచ్‌మన్, పక్క ఫ్లాటు వాళ్లు పాలసీ పని మీద వచ్చాడనుకోవాలని. స్కూటరు రెండు వీధుల అవతల పెడతారు. ఫొటోలు దిగొద్దు, వాట్సాప్‌లో ఏమీ రాసుకోవద్దు, ఊళ్లు కలిసి వెళ్లొద్దు అని లాయరు గట్టిగా చెప్పాడు. మాజీ భర్తకు ఎప్పుడో రెండో పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆయన తన భార్యతో తిరుమల వెళ్లి దిగిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటాడు. ఈవిడ మాత్రం 50 ఏళ్లు దాటాక సొంత ఇంట్లో దొంగలా బతకాలి. చట్టం ఇద్దరినీ సమానంగా చూస్తోందని వాదించే పెద్దలు ఈ రెండు బతుకుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

భరణం పుచ్చుకునేది భర్త అయితే అతనికీ ఇలాంటి షరతే ఉంది కదా అంటారు. కాగితం మీద ఉంది, నిజమే. దాన్నీ తీసేయమనే అంటున్నాను. కానీ మన కుటుంబ న్యాయస్థానాల్లో భరణం పుచ్చుకునే భర్తలు ఎంతమంది? ఇచ్చేవాడి ప్రవర్తన మీద ఏ షరతూ లేదు. ఆ ఇచ్చేవాడు ఎవరో, ఇద్దరికి ఒక్కడు అన్న అంకే చెబుతోంది.

వేరొకరితో కలిసి బతుకుతున్న స్త్రీకి పాత భర్త ఎందుకు పోషణ ఖర్చు ఇవ్వాలి అన్నది రెండో వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. దానికి జవాబు అదే సెక్షన్‌లో, ఒక్క మెట్టు పైన ఉంది. 25(2) ప్రకారం ఇద్దరిలో ఎవరి పరిస్థితులు మారినా, ఎవరు అడిగినా, కోర్టు భరణాన్ని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. ఆమెకు కొత్త ఆదాయం వచ్చిందా, ఎవరైనా ఆమెను పోషిస్తున్నారా, ఖర్చులు తగ్గాయా, అన్నీ అక్కడ చూసుకోవచ్చు. డబ్బు లెక్కకు 25(2) చాలు. అంటే 25(3)లోని శీలం మాట మిగిలింది డబ్బు లెక్క కోసం కాదు. ఆమె పక్కన ఎవరు పడుకుంటున్నారో విచారించడం కోసం. సంగీతం క్లాసు స్నేహితుడు ఆమెకు రూపాయి ఇవ్వకపోయినా, ఇద్దరూ ఎవరి ఖర్చులు వారే పెట్టుకున్నా, ఆ సెక్షన్ కింద ఆమె దోషే.

ఆస్తికీ పింఛనుకూ శీలంతో, మళ్లీ పెళ్లితో ముడిపెట్టే అలవాటు మన చట్టాల్లో పాతది. ఆ ముడి విప్పిన చరిత్రా మనకుంది. 1856 వితంతు వివాహ చట్టం పెళ్లికి అనుమతి ఇస్తూనే, మళ్లీ పెళ్లాడిన వితంతువుకు చనిపోయిన భర్త ఆస్తిలో హక్కు పోతుందని రాసింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించిననాటికి ఆ నిబంధన అమల్లోనే ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం 24వ సెక్షన్‌లో దాని జాడలు మిగిలాయి. మళ్లీ పెళ్లి చేసుకున్న కోడలికి, కోడలి హోదాలో రావాల్సిన వాటా రాకుండా అది అడ్డుపడేది. 2005 సవరణలో పార్లమెంటు ఆ సెక్షన్‌నే ఎత్తేసింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి చనిపోతే, సంతానం లేని అతని భార్య మళ్లీ పెళ్లి చేసుకున్నా కుటుంబ పింఛను ఆగదు. ఆమె ఆదాయం పరిమితి దాటిందా అన్నదే చూస్తారు. ఆరో వేతన సంఘం కాలం నుంచి, అంటే 2006 నుంచి ఇదే నిబంధన. వితంతువు విషయంలో ప్రభుత్వం శీలం చూడటం మానేసి ఆదాయం చూడటం నేర్చుకుంది. విడాకులు పొందిన స్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం ఏమైంది?

మర్చిపోలేదు, కావాలనే పక్కన పెట్టారు. అక్రమ సంబంధాన్ని నేరంగా చూసే 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. భార్య భర్త సొత్తు కాదని తేల్చింది. విడాకులకు అది కారణంగా కొనసాగుతుందని కూడా అంది, అది వేరే చర్చ. కాపురం చేస్తున్న భార్యే భర్త సొత్తు కానప్పుడు, విడిపోయిన స్త్రీ మాజీ భర్తకు ఏ లెక్కన సొత్తు అవుతుంది? వలసపాలకుల చట్టాలను తుడిచేశామని చెప్పుకుంటూ తెచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125(4)లో భార్య 'వ్యభిచారం' గురించి ఉన్న నిబంధన కొత్త 144(4)లోకి చెక్కుచెదరకుండా వచ్చి కూర్చుంది. సెక్షన్ నంబరు మారింది, బుద్ధి మారలేదు.

తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకు పింఛను పెట్టారు. అలాంటి మనిషి ఒకరు ఉన్నారని, ఆమెకూ బతుకు అవసరాలున్నాయని ప్రభుత్వం గుర్తించింది. నెలకు రూ. 1,000తో మొదలై రూ. 2,016 అయింది. మంచి పని. అయితే పెళ్లి చేసుకుంటే ఆ పింఛనూ ఆగిపోతుంది. పేదరాలిని పెళ్లాడేవాడు ధనవంతుడై ఉంటాడా? అక్కడ కూడా 2006 నాటి ఆదాయ సూత్రమే పెట్టవచ్చు కదా.

విదేశాల్లో ఉన్న పిల్లలకూ ఒక మాట చెప్పాలి. వృద్ధాప్యంలో అమ్మకు టైముకి మాత్ర అందించే మనిషి కావాలంటే మీరందరూ సరేనంటారు. ఆమెను ఇష్టంగా తాకే మనిషి కావాలంటే వీడియో కాల్‌లో మాట తప్పిస్తారు. నేను పైన చెప్పినావిడ కూతురు, సంగతి తెలిశాక కొన్నాళ్లు ఫోన్ చేయలేదు. చేశాక అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, రేపు మా అత్తగారింట్లో ఏం చెప్పను?" తండ్రి రెండో పెళ్లికి ఎవరూ ఆ పిల్లను ఆ ప్రశ్న అడగలేదు. అడగరు కూడా. ఆ 9 లక్షల మందిలో మీ అమ్మ ఉండి ఉంటే, ఆమె అక్కడ ఉన్నది మీ కోసమే. నాన్న ఆ 4.5 లక్షల్లో కూడా మిగల్లేదు. మీకు బాక్సులు కట్టి, ఫీజులు కట్టి పెంచిన ఆమెకు ఇంకో ఇరవై, ముప్పై ఏళ్ల ఆయుష్షుంది. అన్నేళ్లూ పూజగదిలో, టీవీ సీరియళ్ల ముందు గడిపేయాలని శాసించే అధికారం మీకు లేదు, మీ అత్తగారికి లేదు, మీ నాన్నకు అసలే లేదు.

2011 తర్వాత దేశంలో జనాభా లెక్కలు జరగలేదు. 2027లో జరగాల్సిన లెక్కల్లో ఆ నిష్పత్తి మారుతుందని నేను అనుకోవడం లేదు. మారాలంటే ముందు చట్టం ఆమె గుమ్మం ముందు నుంచి లేవాలి. 25(3)లో శీలం గురించిన మాటలను, భర్తకు పెట్టిన జంట షరతును, 144(4)లోని ఆ నిబంధనను తొలగించే చిన్న బిల్లు చాలు. భరణం మార్పులన్నీ 25(2) చూసుకుంటుంది. 2005లో 24వ సెక్షన్‌ను ఎత్తేసిన పార్లమెంటుకు ఇది కొత్త పని కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభకు 42 మందిని పంపాం. వాళ్లలో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో ఈ ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టాలి. మీ నియోజకవర్గ ఎంపీకి ఈ రెండు సెక్షన్ల నంబర్లూ రాసి ఉత్తరం వేయండి.