చేసిన పనిని ఎందుకు దాస్తున్నారు?

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో గానీ, కడప ఏడురోడ్ల దగ్గర గానీ ఏదో ఒక జిరాక్స్ షాపుకు వెళ్లి రెజ్యూమే కావాలని అడగండి. నువ్వేం పని చేశావు, నీకేం వచ్చు అని అక్కడ ఎవరూ అడగరు. అంతకుముందు వచ్చిన పిల్లవాడి ఫైలు తెరుస్తారు. పేరు, తండ్రి పేరు, మార్కుల శాతం మారుస్తారు. మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంటుంది. సంస్థ ఎదుగుదలకు తోడ్పడుతూ తన ప్రతిభను పెంచుకునే ఉద్యోగం కావాలన్న కెరీర్ ఆబ్జెక్టివ్. కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం అనే బలాలు. పాటలు వినడం, క్రికెట్ ఆడటం అనే హాబీలు. అన్నిటికంటే కింద, పైన రాసిందంతా నిజమేనని ఒక ప్రమాణం. ఆ పిల్లవాడు తన చేత్తో ఒక్క మాట కూడా రాయని కాగితం మీద, అంతా నిజమని సంతకం పెట్టి బెంగళూరు బస్సెక్కుతాడు.

షాపులో కూర్చున్న మనిషి మీద నాకు కోపం లేదు. నాలుగు రూపాయలు తీసుకుని టైపు చేసి ఇవ్వడం అతని బతుకుతెరువు. నాలుగేళ్లు ఫీజు కట్టించుకుని, ప్లేస్‌మెంట్ సెల్ అని బోర్డు పెట్టి, చివరికి వాట్సాప్ గ్రూపులో ఒక నమూనా పడేసి చేతులు దులుపుకునే కాలేజీల మీదే నా కోపమంతా. ఆ నమూనాలో అనుభవం అనే గడి ఉంటుంది. 'మీరు ఫ్రెషర్లు, అక్కడ నిల్ అని కొట్టండి' అని చెబుతారు. మన పిల్లలు రాసే అబద్ధాలన్నిటిలో పెద్దది ఆ నిల్. దాన్ని చదువు చెప్పినవాళ్లే దగ్గరుండి రాయిస్తున్నారు.

ఏది నిల్? కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు తలుపులకు తాళాలేసి సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీయడానికి. ఆ ఇళ్లలో చదువుకున్న పిల్లవాడు ఒకడుంటే లెక్కలన్నీ వాడి నెత్తిమీదే. ఎవరు ఎన్ని కిలోలు కోశారు, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడు, బండి బాడుగ తలకు ఎంత పడింది, ఇంటికి ఎంత మిగిలింది. ముప్పై నలభై మంది కూలీల లెక్క తేడా రాకుండా నోట్‌బుక్కులో రాసి, తేడా వచ్చిననాడు మేస్త్రీతో కొట్లాడి తేల్చిన పిల్లవాడు బీకాం పట్టా చేతికొచ్చాక తనకు అనుభవం లేదని రాస్తాడు. ఒక అకౌంట్స్ ఉద్యోగానికి ఇంతకంటే పనికొచ్చే అనుభవం ఇంకేముంటుంది?

ఎర్రగుంట్ల, నిడుజివ్వి చుట్టుపక్కల నాపరాళ్ల పాలిష్ యూనిట్లలో సెలవుల్లో పనిచేసిన డిప్లొమా పిల్లలున్నారు. ఏ బండ ఏ మందానికి కోస్తే పగులుతుందో, లోడుకు ఎన్ని చదరపు అడుగులు పడుతుందో వాళ్లకు నోటి లెక్క. ప్రొద్దుటూరు బట్టల కొట్లలో పండగ సీజనంతా నిలబడి అమ్మిన అమ్మాయిలున్నారు. నంద్యాల వైపు పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ చేసిన చేతులున్నాయి. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు తీసేయడం, పొద్దున్నే వేరే మొక్క పుప్పొడి అద్దడం, గుర్తు కట్టడం. బడికి పోవాల్సిన వయసులో ఆ పని చేయించడం నేరం, దానిమీద నాకున్న కోపం వేరే. కానీ పద్దెనిమిది నిండాక సెలవుల్లో ఆ పని చేసి, బోటనీతో డిగ్రీ పాసైన అమ్మాయి విత్తన కంపెనీకి అర్జీ పెట్టుకుంటూ ఆ సంగతే రాయకపోతే, ఆమెకు ఆ సిగ్గు నేర్పిందెవరు?

ప్రభుత్వం పెట్టిన వాలంటీర్ల సంగతి తలుచుకుంటే నా కడుపు మండిపోతుంది. 2019 ఆగస్టు 15న ఆ వ్యవస్థ మొదలైంది. రాష్ట్రమంతటా రెండు లక్షలకు పైగా యువతీయువకులు, ఒక్కొక్కరికి 50 ఇళ్లు, నెలకు 5,000 రూపాయలు. 2020 ఫిబ్రవరి నుంచి ఒకటో తేదీ తెల్లవారుజామునే పింఛను డబ్బు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. 2024 ఎన్నికల తర్వాత వాళ్లకు ఆ పని లేకుండా పోయింది. ఆ వ్యవస్థ మంచిదా చెడ్డదా అన్న వాదన పార్టీలు చేసుకోనీ. ఆ పిల్లలు చేసింది పని. వాళ్ల రెజ్యూమేల్లో ఆ ఏళ్లు మాయం. ఏ పార్టీ మనిషనుకుంటారోనన్న భయంతో కొందరు కొట్టేశారు. మరికొందరు 'గ్రామ వాలంటీర్' అని రెండు ముక్కలు రాసి వదిలేశారు.

అబ్బీ, ఆ రెండు ముక్కలు చదివి నువ్వేం చేశావో బెంగళూరులో కూర్చున్నవాడికి ఎట్లా తెలుస్తుంది? ఇట్లా రాయి: 'యాభై కుటుంబాల బాధ్యత చూశాను. ప్రతి నెలా పింఛన్ల నగదు సచివాలయంలో తీసుకుని, వేలిముద్ర సరిచూసి పంచి, లెక్క అప్పజెప్పాను. వేలిముద్ర పడని ముసలివాళ్ల సమస్య అధికారులకు చెప్పి పరిష్కరించాను.' నెలకు ఎంతమందికి, ఎంత డబ్బు పంచావో నీకు తెలుసు, ఆ అంకెలు వెయ్యి. మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు చేసేది ఈ పనే. బ్యాంకు మిత్రలు చేసేదీ ఇదే. నువ్వు చేసినదాంట్లో సగం కూడా చేయనివాడు నున్నగా నాలుగు మాటలు రాసి ఆ ఉద్యోగం పట్టుకుపోతున్నాడు.

'నాకు ఇంగ్లీషు రాదు సార్, అందుకే కాపీ కొట్టా' అంటారు పిల్లలు. ఇంగ్లీషు రాకపోతే ముందు తెలుగులో రాసుకోండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశాను, దానివల్ల ఏమైంది. ఒక్కో పనికి రెండు చిన్న వాక్యాలు. తర్వాత ఇంగ్లీషు తెలిసినవాళ్ల పక్కన కూర్చుని మార్చుకోండి. వాక్యం చిన్నదైతే తప్పులూ తగ్గుతాయి. అట్లా రాసుకున్నదాని గురించి ఇంటర్వ్యూలో ఏం అడిగినా మీ నోట జవాబు ఉంటుంది. అమీర్‌పేటలో కొన్న మెయిన్ ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్న అడిగేసరికి నోరు పెగలదు. ఇక కులం, మతం, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా అన్నవి తీసేయండి, పని ఇచ్చేవాడికి వాటితో పని లేదు. రంగుల డబ్బాలు, రెండు వరసల డిజైన్లు కూడా వద్దు. పెద్ద కంపెనీల్లో మొదట జల్లెడ పట్టేది సాఫ్ట్‌వేర్, చాలాసార్లు ఆ డబ్బాల్లోని అక్షరాలు దానికి సరిగా ఎక్కవు. ఒక్క పేజీ, ఒకే వరస చాలు.

దొంగ అనుభవం అమ్మే కన్సల్టెన్సీల జోలికి మాత్రం పోవద్దు. మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలు పుట్టిస్తామని లక్షలు గుంజుతారు. ఆ డబ్బు కోసం ఎకరం అమ్మిన తండ్రులు మన పల్లెల్లోనే ఉన్నారు. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చింది. ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో అందులో తెలిసిపోతుంది. చేరిన మూడో నెలలో బయటికి గెంటేస్తే కన్సల్టెన్సీవాడు ఫోనెత్తడు. సుగ్గిలో చేసిన అసలు అనుభవాన్ని దాచి, ఎన్నడూ చూడని ఆఫీసులో చేసినట్టు దొంగ అనుభవాన్ని భూమి అమ్మి కొనుక్కోవడం కంటే ఘోరం ఉంటుందా?

రెజ్యూమే బాగుంటే ఉద్యోగం వచ్చి ఒళ్లో పడుతుందని నేను అనడం లేదు. కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు చేశారు. ఇన్ని రాళ్లు వేసినవాళ్లను నిలదీయాల్సిందే. కొప్పర్తిలో, ఓర్వకల్లులో పరిశ్రమలకని సేకరించిన భూముల్లో మన పిల్లలకు ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో లెక్క అడగాల్సిందే. ఆ కొట్లాట ఆగకూడదు. కానీ ఉన్న కాసిని ఉద్యోగాలకైనా మన పిల్లలు ఇంకొకడి కాగితం పట్టుకుని పోవాల్సిన ఖర్మ ఏమిటి?

'సుగ్గి అని రాస్తే నవ్వుతారేమో సార్' అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. ఎవరు నవ్వారని అడిగితే కంపెనీవాళ్లు కాదు, కాలేజీకి వచ్చిన ట్రైనరేనని చెప్పాడు. పల్లె పనులు రాస్తే లెవెల్ తగ్గిపోతుందని క్లాసులో అందరి ముందూ అన్నాడట. ఆ పల్లె కూలి డబ్బుతో కట్టిన ఫీజు నుంచే ఆ ట్రైనరుకు జీతం వెళ్తోంది. ప్లేస్‌మెంట్ ఆఫీసర్లారా, మీ నమూనాను గ్రూపులోంచి తీసేయండి. ఫైనలియర్ పిల్లలు కాలేజీ విడిచి పోకముందే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, పోయిన ఎండాకాలం ఏం చేశావు, పంట పోయిన ఏడాది ఇంటి ఖర్చులు ఎట్లా నెట్టుకొచ్చావు అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయించండి. అరగంట పడుతుంది. ఆ అరగంటకు ఫీజు ఎప్పుడో కట్టేశారు.