అలవాటుపడునది పెట్టెయా, చెవియా?

హైదరాబాదులోని డెక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో చేరినది. ఆ దినములలో సికింద్రాబాదు ఇండ్లలోని వాల్వు రేడియో మీట త్రిప్పగనే పలికెడిది కాదు. వాల్వులు వేడెక్కువరకు కొన్ని క్షణములు వేచియుండవలసెడిది. ఆ నిరీక్షణకు కారణ మున్నది. నేడు క్రొత్త స్పీకరు కొన్నవారికి మరియొక నిరీక్షణ విధింపబడుచున్నది: "నూరు గంటలు మ్రోగనిండు; అప్పుడు గాని అసలు గొంతు బయటపడదు." ఆంప్లిఫయరుకును, రాగితీగకును సయితము ఇదే సలహా. దీనికిని అట్టి కారణ మున్నదా?

కొంత ఉన్నది. 1925లో రైస్, కెల్లాగ్ అను అమెరికా ఇంజనీర్లు ప్రకటించిన పద్ధతియే నేటికిని పెక్కు స్పీకర్లకు ఆధారము. అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలి, కాగితపు గరాటును ముందువెనుకలకు ఆడించును. గరాటును పట్టియుంచు అంచును, మడతల గుడ్డయు క్రొత్తలో బిగువుగా నుండి, కదలినకొలది కొంత సడలును. అందుచే గరాటు సహజ కంపనసంఖ్య స్వల్పముగా తగ్గును. కాని ఈ మార్పులో అధికభాగము తొలి నిమిషములలోనో, తొలి గంటలలోనో ముగియును. రాగితీగలో సడలవలసిన భాగమే లేదు.

మరి నూరవ గంటకు పాట మధురమైన దనువాడు అసత్య మాడుచున్నాడా? లేదు. అతని చెవి క్రొత్త ధ్వనికి అలవాటుపడినది. మూడు వారముల క్రిందటి ధ్వనిని ఉన్నదున్నట్లు జ్ఞాపకముంచుకొని నేటిదానితో సరిపోల్చుట మానవులకు దుర్లభము.

ఈ భేదము తెలియకున్న నష్టము కలదు. నచ్చని వస్తువును తిరిగి యిచ్చు గడువు సామాన్యముగా కొద్ది దినములే. గంటలు లెక్కించుచు కూర్చున్నవాడు గడువు దాటిన పిదప లోపమునకే అలవాటుపడును. అంతకంటె పెద్ద నష్టము, పరీక్షింపక నమ్ముట విద్యార్థికి స్వభావ మగుట.

పరీక్ష కష్టము కాదు. సికింద్రాబాదులోని ఏ పాఠశాలయైనను చేయవచ్చును. ఒకే రకపు స్పీకర్లు రెండు తెచ్చి, ఒకదానిని నూరు గంటలు మ్రోగించి, రెండవదానిని కట్ట విప్పక ఉంచవలెను. పిమ్మట రెంటిని తెరవెనుక ఒకే చోట, ఒకే బిగ్గరతనముతో వినిపించి, ఏది పాతదో విద్యార్థిచే వ్రాయింపవలెను. ఇరువది పర్యాయములలో పది సరిపోవుట బొమ్మా బొరుసుతోను జరుగును. పదునైదు గాని అంతకు మించి గాని అదృష్టవశమున సరిపోవుటకు అవకాశము నూటికి రెండు పాళ్లే. అన్ని సరిపోయినచో నమ్మవచ్చును.

మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు తొప్పికి రవ్వ పెట్టి, తట్టి, విని, శ్రుతి సరిచూచుకొనును. కొన్నాళ్లకు అదియే శ్రుతిలో పడునని ఊరకుండడు. యంత్రమును కొన్నవారికిని ఆ మార్గమే మేలు.